గిరి లేని చోటి నుంచి కొండ కథలు

మా పిల్లల స్కాలర్‌షిప్పు ఫారంలో గిరిజన అని ఉంటుంది. హాస్టలు బోర్డు మీద గిరిజన అని ఉంటుంది. ఆఫీసులో మా ఫైలు తిరిగే శాఖ పేరూ గిరిజన సంక్షేమమే. గిరి అంటే కొండ. బందరులో నిలబడి ఏ దిక్కు చూసినా కొండ కనపడదు. గుడివాడలో ఎత్తయినదంటే ఊళ్లో ఉన్న పాత దిబ్బ, అదీ ఒకప్పటి బౌద్ధ స్తూపం కూలి మట్టి కప్పుకున్నదే. దివిసీమలో ఎత్తయినవి కృష్ణ కరకట్ట, తుపాను షెల్టరు డాబా, తాడిచెట్టు. కొండ చూడాలంటే బెజవాడ దాకా బస్సెక్కాలి. అయినా మేం గిరిజనులమే. యానాదులం, ఎరుకలవాళ్లం. కాలవ గట్ల మీద, చెరువు గట్ల మీద, ఏటి మొగల్లో బతికే కొండ మనుషులం. ఈ మాట మీద మాలో మేం నవ్వుకోవడం పాత అలవాటు.

అందుకేనేమో, తెలుగులో వచ్చే కొండ ప్రయాణాల రాతల్ని మేం కాస్త వేరేగా చదువుతాం. హిమాలయాల్లో ట్రెక్కింగు మీద ఇప్పుడు చాలా వస్తున్నాయి. ఆదివారం అనుబంధాల్లో వస్తున్నాయి, పుస్తకాలుగా వస్తున్నాయి, సినిమాగా కూడా వచ్చాయి. వాటిని మా బళ్లకు తెచ్చి పిల్లల చేత చదివిస్తున్నాం. చదివించాక మాకు కలిగిన అసంతృప్తిని ఇక్కడ చెప్పాలనుకుంటున్నాం.

ఆ రాతల్లో మొదటి పేజీ దాటకుండానే ఒక మాట వస్తుంది: సముద్రమట్టానికి ఇన్ని వేల మీటర్ల ఎత్తున. రాసేవాళ్లకు అది అంకె. మాకు అది వాకిలి. మన దేశంలో ఎత్తులు కొలవడానికి సున్నా ఎక్కడ పెట్టాలో తేల్చడానికి వందేళ్ల కిందట తొమ్మిది రేవుల్లో పోటు పాటుల లెక్కలు తీశారు. వాటిలో మన విశాఖపట్నం ఒకటి. అంటే కొండ ఎత్తు కొండ దగ్గర మొదలవదు, తీరంలో మొదలవుతుంది. నాగాయలంకలోనో కోడూరులోనో ఉండే పిల్లవాడు ఆ సున్నాకు నాలుగడుగుల పైన నిద్రపోతాడు. అమావాస్య పోటుకు కాలవ నీళ్లు ఎగదన్నితే సున్నా వాడి గుమ్మంలోకి వస్తుంది. ఎవరెస్టు 8,848 మీటర్లని పాఠంలో చదివినప్పుడు వాడు ఆ లెక్కకు బయటివాడు కాడు, దాని అడుగు మెట్టు మీద కూర్చున్నవాడు. ఉపాధ్యాయ మిత్రులు ఇక్కడ నుంచి మొదలుపెడితే కొండ పాఠం మన పిల్లలకు దూరం కాదని మా అనుభవం.

ఈ ప్రయాణ రచనల్లో మంచి లేదని మేం అనడం లేదు. పైకి వెళ్లేకొద్దీ ఊపిరి అందకపోవడం, తలనొప్పి, ఆకలి చచ్చిపోవడం, రాత్రి గుడారంలో నిద్ర పట్టక గాలి హోరు వినడం, ఇవన్నీ బాగా రాస్తారు కొందరు. భయాన్ని దాచుకోకుండా రాసేవాళ్లంటే మాకు గౌరవం. మా గొడవ మనుషుల దగ్గర. లద్దాఖ్‌లోనో, స్పితిలోనో, నేపాల్‌లోనో వీళ్లకు ఎదురైన మనుషుల గురించి రాయాల్సి వచ్చేసరికి కలానికి తెలిసిన మాటలు నాలుగే. అమాయకులు. చిరునవ్వు చెరగనివారు. ఉన్నదాంట్లో తృప్తిగా బతికేవారు. నాగరికత సోకనివారు. ఈ నాలుగు మాటలూ మాకు బాగా తెలుసు. మా గూడేలకు ఫొటోలు తీసుకోవడానికి వచ్చినవాళ్లు మా మీద రాసిపోయిన మాటలే అవి. కొండ మీద రాసినా, బురదలో రాసినా మాట మారలేదంటే, రాసినవాళ్లు అక్కడ మనుషుల్ని చూడలేదన్నమాట. వచ్చేటప్పుడే మాటల్ని సంచిలో వేసుకుని వచ్చారు.

ఇంకొక మాట ఉంది. 'ఎవరూ అడుగుపెట్టని చోటు'. మారుమూల కొండల మీద రాసిన ఏ వ్యాసానికైనా ఇది గొప్ప అలంకారం. ఎవరూ అంటే ఎవరు? ఆ దారి ఉందంటేనే దాని మీద ఎవరో నడిచారు. గొర్రెలు తోలుకెళ్లారు, ఉప్పు మోసుకెళ్లారు, పెళ్లికూతురిని తీసుకెళ్లారు. పాడేరు దగ్గర వంజంగి కొండ కూడా ఇట్లాగే 'కనిపెట్టబడింది'. మబ్బులు కొండ కింద పరుచుకున్న ఫొటోలు ఫోన్లలో తిరిగాక కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి కూడా కార్లు బారులు తీరాయి. ఆ మబ్బుల కిందే తరాలుగా ఊళ్లున్నాయి. వాళ్లెప్పుడూ ఆ కొండను పోగొట్టుకోలేదు, ఇంకొకరు వచ్చి కనిపెట్టడానికి.

ఎవరూ అడుగుపెట్టని చోటు అనే మాట ఎంత దూరం పోతుందో చూపించే కథ ఒకటి స్పితి కొండల్లో ఉంది. 1860లో సర్వే శాఖ వాళ్లు షిల్లా అనే శిఖరం మీదికి గుర్తు కర్ర పంపించారు. మోసుకెళ్లినవాడు ఒక ఖలాసీ. మన బందరు రేవులో ఓడ సరుకు మోసేవాళ్లను పిలిచిన పేరే ఇది. ఆ శిఖరం ఏడు వేల మీటర్లకు పైనే ఉంటుందని అప్పటి లెక్క. ఆ లెక్క ప్రకారం అంతకుముందు భూమ్మీద ఏ మనిషీ అంత ఎత్తుకు ఎక్కిన దాఖలా లేదు. చాలా ఏళ్లు అది కాగితం మీద ప్రపంచ రికార్డుగానే ఉంది. తర్వాత మళ్లీ కొలిస్తే ఆరు వేల చిల్లరే అని తేలింది, అది వేరే సంగతి. మేం చెప్పేది ఇది: ఆ శిఖరం ఎత్తు రాసుకున్నారు, తప్పయితే దిద్దుకున్నారు. ఎక్కినవాడి పేరు మాత్రం రాసుకోలేదు. శిఖరం ఎత్తు దిద్దడానికి ఇంకోసారి కొలిస్తే చాలు. ఆ ఖలాసీ పేరును ఇప్పుడు ఏ పనిముట్టుతో కొలవాలి?

ఎవరెస్టుకు ఆ పేరు వచ్చిందీ ఆ సర్వే వల్లే. 1865లో పాత సర్వేయర్ జనరల్ పేరు దానికి పెట్టారు. ఆ కొండ కింద ఉన్నవాళ్లకు అది చోమోలుంగ్మా. నేపాలీలో సగర్‌మాథా. మన పత్రికల్లో దీన్ని సాగరమాత అని కూడా రాస్తుంటారు, సముద్రానికి తల్లి అన్నట్టు. వినడానికి దివిసీమవాళ్లకు బాగానే ఉంటుంది గానీ అక్కడ సగర్ అంటే ఆకాశం, మాథా అంటే నుదురు. ఆకాశపు నుదురు. ఇంత మంచి మాటను పాడు చేసుకోవడం దేనికి?

తెలుగులో ప్రయాణ రచనకు పెద్దదిక్కు ఏనుగుల వీరాస్వామి. 1830 మేలో మద్రాసులో బయల్దేరి, మరుసటేడు సెప్టెంబరుకు తిరిగొచ్చి రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఆయన పల్లకీలో వెళ్లిన దొర. శ్రీశైలం అడవి దారీ ఆయన పల్లకీ దారే. ఆయన చూపు ఆయన తరగతిది, అందులో దాపరికం లేదు. కానీ ఆ పుస్తకంలో బోయీలున్నారు. పల్లకీ మనుషుల భుజాల మీద నడిచిందన్న సంగతి పాఠకుడు మరిచిపోయే వీలు లేదు. మోత ఒక ఖర్చుగా, ఒక ఇబ్బందిగానైనా లెక్కలో ఉంది. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత వస్తున్న ట్రెక్కింగు వ్యాసాల్లో ఆ లెక్క కూడా లేదు. సాయంత్రానికి గుడారాలు వేసి ఉంటాయి. వేడి సూపు సిద్ధంగా ఉంటుంది. ఎవరు వేశారు, ఎవరు వండారు, వాళ్లకు రోజుకెంత, వాళ్ల కాళ్లకు ఏ బూట్లు, ఇవేవీ రావు. వస్తే 'మా షెర్పా' అని వస్తుంది.

ఈ షెర్పా అనే మాట దగ్గర కొంచెం ఆగాలి. అది ఉద్యోగం పేరు కాదు. షర్ అంటే తూర్పు, పా అంటే జనం. టిబెట్‌లోని ఖామ్ వైపు నుంచి కొన్ని వందల ఏళ్ల కిందట కనుమలు దాటి వచ్చి ఎవరెస్టు కింది లోయల్లో స్థిరపడిన ఒక తెగ పేరు. వాళ్లకు భాష ఉంది, వంశాలున్నాయి, మఠాలున్నాయి, బంగాళాదుంప పొలాలున్నాయి. దొరలు కొండలెక్కడానికి వచ్చి వాళ్లను మోతకు పెట్టుకున్నాక ఆ జాతి పేరే పని పేరయింది. ఇవాళ ఏ తెగవాడైనా సరే కొండ మీద మూట మోస్తే షెర్పాయే. అంతటితో ఆగలేదు. జీ-20 సమావేశాలకు దేశాధినేతల తరఫున ముందుగా దారి సిద్ధం చేసే పెద్ద అధికారిని కూడా షెర్పా అంటున్నారు. 2023లో ఢిల్లీ సమావేశం జరిగినప్పుడు తెలుగు పేపర్లలో ఆ మాట రోజూ కనిపించింది. అసలు షెర్పాల గురించి ఒక్క ముక్కా కనిపించలేదు.

ఇది కొండల మీదే జరిగే పని కాదు. గుడివాడ, బందరు వీధుల్లో అర్ధరాత్రి కర్ర తాటించుకుంటూ, విజిల్ వేసుకుంటూ తిరిగి నెలాఖరుకు ఇంటికి ఇంతని అడిగి తీసుకునే మనిషిని మనం ఏమంటాం? గూర్ఖా అంటాం. గోర్ఖా నేపాల్‌లో ఒక ఊరి పేరు, ఒక పాత రాజ్యం పేరు. ఆ మనిషి ఏ జిల్లావాడో, మగరో గురుంగో ఇంకొకరో, ఇంటి దగ్గర ఎవరున్నారో అడిగిన ఇల్లు వీధిలో ఒకటైనా ఉంటుందా? హిమాలయాల్లో 'అమాయకపు చిరునవ్వుల' కోసం వేల రూపాయలు పెట్టుకుని పోయేవాళ్లకు, ఆ నవ్వు తమ గుమ్మంలో నిలబడి ముప్పయ్యో యాభయ్యో అడిగితే తలుపు తీయబుద్ధి కాదు.

ఇక మా పేరు. యానాది అంటే తెగ. ఈ ప్రాంతంలో చాలాచోట్ల అది పని పేరు. ఎలకబుట్టలు పెట్టడానికి యానాదోణ్ని పిలవండి. చెరువు కాపలాకు యానాదులను పెట్టుకోండి. ఆ పేరును తిట్టుగా వాడే నోళ్లు ఇంకా ఉన్నాయి, బళ్లలో కూడా ఉన్నాయి. షెర్పా అనే మాట పైకి పోయింది, యానాది అనే మాట కిందికి పోయింది. అయితే రెండింటికీ జరిగింది ఒకటే. జనం పేరులోంచి జనాన్ని తీసేసి పనిని మిగుల్చుకున్నారు.

షెర్పాలను పనివాళ్లుగా కాక జనంగా చూసి పెద్ద పుస్తకం రాసినవాడు మన ప్రాంతంలో పని నేర్చుకున్నవాడే కావడం మన యువకులు తెలుసుకోవాలి. హైమండార్ఫ్ ఆస్ట్రియా దేశస్థుడు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల హైదరాబాదు రాజ్యంలో ఉండిపోయి, చెంచుల మీద 1943లో, పాపికొండల వైపు కొండరెడ్ల మీద 1945లో, తర్వాత ఆదిలాబాదు గోండుల మీద పుస్తకాలు తెచ్చాడు. 1953లో నేపాల్ వెళ్లాడు. 1964లో షెర్పాల మీద పుస్తకం వచ్చింది. అందులో ఎవరెస్టు పెద్ద విషయం కాదు. ఎవరు ఎవర్ని పెళ్లాడతారు, తగవు ఎట్లా తీరుస్తారు, బంగాళాదుంప వచ్చాక తిండి పెరిగి మఠాలు ఎట్లా పెరిగాయి, యాక్‌ల మీద సరుకేసుకుని టిబెట్‌కు ఎట్లా పోతారు, ఇదీ విషయం. తర్వాత ఇరవై ఏళ్లకు మళ్లీ రాశాడు, పర్యాటకం ఆ జీవితాన్ని ఎట్లా మార్చేసిందని. ఆయన నిజాం ప్రభుత్వంతో కలిసి పనిచేసినవాడు. ఆ లోపాలు చర్చించుకోవాల్సినవే. కానీ మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ పెట్టించి, గోండీలో వాచకాలు చేయించిన పని మన ఉపాధ్యాయులు మరవకూడదు. మనుషుల్ని చూడడం వచ్చినవాడికి కొండ అడ్డం రాదు. నల్లమలలో చూసిన చూపే ఖుంబూలోనూ పనికొచ్చింది.

ఇప్పుడు మాలావత్ పూర్ణ సంగతికి వద్దాం. మన బళ్లలో ఎక్కువగా చెప్పే కొండ కథ ఇదే. నిజామాబాదు జిల్లా పాకాల, లంబాడీ పిల్ల. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువు. భువనగిరి గుట్ట మీద రాతి ఎక్కుడు నేర్పారు, అక్కడి నుంచి డార్జిలింగ్ శిక్షణకు పంపారు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. వయసు పదమూడేళ్ల పదకొండు నెలలు. వెంట ఖమ్మం జిల్లా దళిత కుర్రాడు ఆనంద్. తెలంగాణ రాష్ట్రం ఏర్పడడానికి ఇంకా ఎనిమిది రోజులుంది. పైకి అంబేద్కర్ బొమ్మ, ఎస్.ఆర్. శంకరన్ బొమ్మ తీసుకెళ్లారు. ఆ తర్వాత 2022 నాటికి ఆమె ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలూ పూర్తి చేసింది. మన పిల్లల గోడల మీద సినిమా తారల పక్కన ఆమె బొమ్మ ఉంది. ఉండాలి కూడా.

మా అభ్యంతరం ఆమె కథ చెప్పే తీరు మీద. పేపర్లు ఆమెను గిరిపుత్రిక అన్నాయి, అడవిబిడ్డ అన్నాయి. పేరులోని గిరిని పట్టుకుని, కొండవాళ్లు కాబట్టి కొండెక్కిందన్నట్టు రాశారు. ఆ లెక్కన మేం కూడా పుట్టుకతో ఎక్కగలగాలి. ఇంకో పక్క 'గిరిజన బాలిక అయినా' అన్నారు. ఒకే వార్తలో తెగ వల్ల ఎక్కిందని, తెగ అడ్డమైనా ఎక్కిందని రెండూ ఉంటాయి. రెండింటికీ మధ్య జారిపోయింది ఏమిటంటే బడి. మూడు పూటలా తిండి పెట్టి, దుప్పటిచ్చి, వ్యాయామం టీచరును పెట్టి, ఆడపిల్ల పెళ్లిని వాయిదా వేయించిన ప్రభుత్వ గురుకులం. శంకరన్ బొమ్మను అంత ఎత్తుకు ఎందుకు మోశారో చెప్పకుండా ఆ కథ ఎట్లా చెబుతారు? శంకరన్ ఎవరని మా పదో తరగతి పిల్లల్ని అడిగితే చేతులు లేవలేదు. పూర్ణ ఎవరంటే అందరూ లేచారు.

2017లో రాహుల్ బోస్ తీసిన 'పూర్ణ' సినిమాను మా పిల్లలకు వేసి చూపించాం. పూర్ణగా వేసిన అదితి ఇనాందార్ బాగా చేసింది. అక్క వరసైన ప్రియ, పూర్ణల మధ్య స్నేహం సినిమాకు ప్రాణం. బడి ఫీజు కట్టలేని పిల్లలు ఊడ్చే చీపురు, ప్రియ పెళ్లి, ఆమె చావు, ఇవి మా ఆడపిల్లల్ని కదిలించాయి. కొండ కంటే పెళ్లే పెద్ద కొండ అని ఒక పిల్ల అంది. ఆ మేరకు సినిమా గెలిచినట్టే. అయితే ఇందూరు జిల్లా తండా పిల్లలు హిందీ మాట్లాడుకుంటుంటే మాకు ముందే కొంచెం ఎడం వచ్చింది. గురుకులాల కార్యదర్శి ప్రవీణ్‌కుమార్ పాత్రను దర్శకుడే వేసుకున్నాడు. కెమెరా ఎక్కడుంటే కథ అక్కడుంటుంది. అధికారి కలత, అధికారి పట్టుదల, అధికారి నిర్ణయం తెరను నింపుతుంటే పిల్ల పైకి నడుస్తూ ఉంటుంది. మంచి అధికారులుండడం అదృష్టమే, కాదనం. కానీ ఆదివాసీ పిల్ల గెలుపు కథకు కూడా ఇరుసుగా ఒక అధికారి కావాల్సి రావడం తెరమీది పాత అలవాటు. దాన్ని ఈ సినిమా దాటలేదు.

ఆ కథల్లో మేం వెతికి దొరకక వదిలేసింది ఇంకొకటుంది. పూర్ణ, ఆనంద్ ఒంటరిగా ఎక్కలేదు. వెంట నేపాలీ షెర్పాలున్నారు. ఆక్సిజన్ సిలిండర్లు, తాళ్లు, గుడారాలు వాళ్ల వీపుల మీద పైకి పోయాయి. వాళ్ల పేర్లు మన పాఠాల్లో లేవు. లంబాడీ పిల్ల గెలిచిన రోజు మరో తెగవాళ్లు ఆమె పక్కన ఉన్నారన్నది మన పిల్లలకు తెలియదు. తెలిస్తే కథ చిన్నదవుతుందా? ఒక తెగ చేయి ఇంకో తెగ పట్టుకున్న కథ అవుతుంది.

పైగా ఆ సంవత్సరం ఎట్లాంటి సంవత్సరమో చూడండి. పూర్ణ ఎక్కడానికి ఐదు వారాల ముందు, 2014 ఏప్రిల్ 18న, నేపాల్ వైపు ఖుంబూ మంచుపాతం మీద మంచుచరియ విరిగిపడి పదహారు మంది చనిపోయారు. అందరూ నేపాలీ కూలీలు, గైడ్లే, ఎక్కువమంది షెర్పాలు. ఆ చోటు కదిలే మంచు. ఏటా వసంతంలో యాత్రికులు రాకముందే కొంతమంది షెర్పాలు వెళ్లి, మంచు నెర్రెల మీద అల్యూమినియం నిచ్చెనలు వేసి తాళ్లు కట్టి దారి చేస్తారు. వాళ్లను మంచుపాతం డాక్టర్లు అంటారు. ఎక్కేవాడు ఒక్కసారి దాటే చోటును మోసేవాడు సీజనులో ఎన్నోసార్లు దాటాలి. ప్రమాదం లెక్క అక్కడే తేలిపోతుంది. చనిపోయినవారి కుటుంబాలకు ప్రభుత్వం మొదట ప్రకటించిన సాయం నలభై వేల నేపాలీ రూపాయలు. షెర్పాలు ఎదురు తిరిగారు, పని మానేశారు. ఆ ఏడు ఆ వైపు ఎక్కుడు దాదాపు ఆగిపోయింది. పదహారేళ్లు నిండనివారికి నేపాల్ అనుమతి లేదు కాబట్టి పూర్ణ బృందం టిబెట్ వైపు నుంచి ఎక్కింది. ఒకే కొండకు ఒక పక్క మన పిల్ల గెలుపు, ఇంకో పక్క కూలీల సమ్మె. రెంటినీ ఒకే పాఠంలో పెట్టి చెప్పగల ఉపాధ్యాయుడు ఉంటే పిల్లలకు కొండా అర్థమవుతుంది, లోకమూ అర్థమవుతుంది.

నెల్లూరు జిల్లా గాంధీజన సంఘం ఊరివాడు మల్లి మస్తాన్‌బాబు కథ ఇంకో రకం. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదువుతుండగా, ఆ బడిలోనే చదివి 1985లో ఎవరెస్టు మీద చనిపోయిన ఉదయభాస్కరరావు విగ్రహం చూసి కొండల మీద మనసు పడింది. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కాడు. 2015 మార్చి చివర్లో అర్జెంటీనా, చిలీ సరిహద్దులో ట్రెస్ క్రూసెస్ అనే ఎత్తయిన, జనం పోని ఆండీస్ కొండ మీద ఒంటరిగా ఉండగా జాడ తప్పాడు. ఏప్రిల్ మొదటి వారంలో శవం దొరికింది. మనలో చాలామందికి ఆయన గురించి తెలిసింది ఆ వారంలోనే. కనపడకుండా పోతేగానీ కనపడని మనుషులుంటారు. ఆయన మీద వచ్చిన నివాళుల్లో ఐఐటీ, ఐఐఎం పేర్లు కొండల పేర్లకంటే ఎక్కువసార్లు వచ్చాయని మా లెక్క. ఆ ఎడారి కొండల్లో ఆయన ఒక్కడే ఏం చూశాడో ఆయన మాటల్లో తెలుగులో చదవాలని మాకు ఇప్పటికీ ఉంది.

తన మాట తాను చెప్పుకోవడం అన్నది చిన్న విషయం కాదు. టెన్సింగ్‌కు చాలా భాషలు వచ్చు, చదవడం రాయడం రాదు. ఆయన చెబితే ఒక అమెరికన్ రచయిత రాసిన ఆత్మకథ 1955లో వచ్చింది. 1953 మే 29న శిఖరం మీద మొదటి అడుగు ఎవరిదని లోకమంతా ఆయన్ని వేధించింది. హిల్లరీదే అని అందులో తేల్చి చెప్పేశాడు, అది పెద్ద విషయమే కాదన్నట్టు. బ్రిటన్ హిల్లరీని, నాయకుడు హంట్‌ను సర్‌లను చేసి, టెన్సింగ్‌కు జార్జ్ పతకం ఇచ్చింది. ఆ తేడాను ఏ చరిత్రకారుడూ మనకు విడమరిచి చెప్పక్కర్లేదు. చేతిరాత రాని మనిషి కూడా పుస్తకం చెప్పగలిగాడన్నది మా యువకులు పట్టుకోవాల్సిన సంగతి.

ఎందుకంటే మన దగ్గర కూడా 'ఎవరూ అడుగుపెట్టని చోట్లు' ఉన్నాయి. కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ అడవి ఉంది. 1989లో అభయారణ్యం అన్నారు. పంటు దిగి ఎదురుమొండి దాటి నాచుగుంట వైపు వెళ్లిన బయటివాళ్లు నిర్మానుష్యం అని రాస్తారు. ఆ నిర్మానుష్యంలో మా అమ్మలు పీతలు పట్టారు. మంచు మీద నడక ఎంత విద్యో మడ బురదలో నడక అంత విద్య. పాదం పెట్టేముందు ఊపిరి వేళ్లు ఎక్కడ పొడుచుకొచ్చాయో చూడాలి. మోకాలి దాకా దిగిన కాలును లాగకూడదు, తిప్పి తీయాలి. తిల్ల చెట్టు కొమ్మ విరిగితే పాలు కంట్లో పడకూడదు. అన్నిటికంటే, పాటు మొదలయ్యాక వెళ్లి పోటు తిరగకముందే బయటపడాలి. కొండవాళ్లు మధ్యాహ్నం ఇన్నింటికల్లా శిఖరం అందకపోతే వెనక్కి తిరగాలంటారు. మాదీ అదే లెక్క, గడియారం చంద్రుడిది. ఈ విద్యను ట్రెక్కింగు పుస్తకం రాసినంత వివరంగా తెలుగులో ఎవరూ రాయలేదు. రాసిందల్లా మా ఆకలి గురించే.

ఎత్తుల గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి శ్రీహరికోట కూడా గుర్తు చేసుకోవాలి. ఎవరెస్టును లెక్కచేయనంత ఎత్తుకు పోయే రాకెట్ల కోసం ఆ దీవిని ఖాళీ చేసినవాళ్లలో యానాదులున్నారు. అంతరిక్షం మీద పాఠం చెప్పేటప్పుడు ఆ ఒక్క వాక్యం చేరిస్తే పాఠం బరువేమీ పెరగదు.

దివిసీమలో ఎక్కడం అనే మాటకు 1977 నవంబరు 19 తర్వాత ఇంకో అర్థం వచ్చింది. ఆ రాత్రి ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయారు. మిగిలినవాళ్లలో చాలామంది చెట్టు ఎక్కి మిగిలారు. ఎన్ని అడుగులు ఎక్కారో, ఎన్ని గంటలు పట్టుకున్నారో, ముళ్లతుమ్మ అయితే చేతులు ఏమయ్యాయో పెద్దవాళ్లు ఇంకా చెబుతారు. దాన్ని ఎవరూ సాహసం అనలేదు, బాధితులు అన్నారు. చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు. మన పిల్లలు ఫోనులో రికార్డు చేసైనా పెట్టుకోవాలి.

ఈ ఏడు మా బడిలో పదో తరగతి వాళ్లకు ఒక పని ఇచ్చాం. ట్రెక్కింగు వ్యాసం ఒకటి చదివించి, మీరు పీతలకు పోయిన ఒక రోజును అదే తీరులో రాయండి అన్నాం. బయల్దేరిన వేళ, దారి, ప్రమాదం, తిరుగుదల అన్నీ ఉండాలన్నాం. చాలామంది చదివిన వ్యాసాన్నే తిప్పి రాశారు, బురదను కూడా సుందరం చేశారు. ఒక కుర్రాడు మాత్రం రెండు పేజీలు సూటిగా రాశాడు. సముద్రమట్టానికి ఎత్తు: సున్నా, కొన్ని చోట్ల ఇంకా తక్కువ, అని మొదలుపెట్టాడు. చివర్లో మేం అడక్కుండానే ఒక పట్టీ వేశాడు. వంపు ఊచ మోసింది నాన్న. వల మోసింది బాబాయి. పీతల బస్తా మోసింది అమ్మ. నీళ్ల డబ్బా మోసింది చెల్లి. ఒక్కొక్కరి పక్కన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. దాంట్లో గుణింతాల తప్పులున్నాయి. దిద్ది ఉంచాం, వచ్చే పుస్తకానికి పంపుతాం.